నాలుగు సూత్ నట్టు

కోరుట్ల దాటి, కథలాపూర్ వైపు వాగు ఒడ్డుకు మా లారీలు చేరింది ఉదయం ఆరూ పదికి. ఆరూ ఇరవైకి పడవ నీళ్లలో ఉంది. బయలుదేరే ముందు ఇంజన్ బిగింపు చూద్దామని చెయ్యి పెట్టాను. ఇంజన్‌ను పడవకు పట్టి ఉంచే పన్నెండు ఎంఎం బోల్టు మీద నట్టు నా వేళ్లకే అటూ ఇటూ ఊగింది.

అప్పుడు నేను ఆర్మీ ఇంజనీర్ల విభాగంలో కెప్టెన్‌ని. వరద డ్యూటీకి పదకొండు మందిమి వచ్చాం. ఒక్కటే పడవ. వాన తెరిపివ్వలేదు. అవతల ఒక ఇంటి స్లాబు మీద పద్నాలుగు మంది. నీళ్లు గంటకు జానెడు పెరుగుతున్నాయి. నా ఇద్దరు పిల్లలు సిరిసిల్లలో మా అమ్మ దగ్గర ఉన్నారు.

"ఈ నట్టు ఎక్కడిది?"

"పాతది దారిలో ఊడిపోయింది మేడం. జగిత్యాలలో షాపు తెరిపించి కొన్నాను. పంతొమ్మిది పానా సరిగ్గా పట్టింది," అన్నాడు పడవ నడిపే హవల్దార్.

పానా పట్టేది నట్టు బయట. మర ఉండేది లోపల. అరంగుళం నట్టుకూ అదే పానా పడుతుంది. ఇతను తెచ్చింది అదే.

ఒడ్డున మాకు తాడు పట్టిన సిరిసిల్ల సాంచాల, అంటే మరమగ్గాల, మెకానిక్ నవ్వాడు. "నాలుగు సూతన్నా పన్నెండు ఎంఎం అన్నా ఒక్కటే మేడం. ముప్పై ఏండ్ల సంది మగ్గాలకు గిట్లనే ఏస్తున్న."

"మగ్గం ఆగితే గుడ్డ ఆగుతది కాకా. ఇంజన్ వాగుల వడితే?"

ఎనిమిది సూత్‌లు ఒక అంగుళం. నాలుగంటే అరంగుళం, పన్నెండు పాయింట్ ఏడు ఎంఎం. ఆ కాస్త తేడాకే మర అంచులు మాత్రమే తగులుతాయి. ఇంజన్ గుంజితే ఒలుచుకుపోతాయి.

స్లాబు మీదున్న వాళ్ల బంధువు ఒకాయన మీదికొచ్చాడు. "నట్టు సూసుకుంట కూసుంటవా? నీకు పిల్లల్లేరా?"

రేడియోలో మా పై అధికారి గొంతు మోగింది. "ఇంకా కదల్లేదేం?"

"సరైన నట్టు లేదు సర్. పడవ పంపను."

"ఏమైనా అయితే బాధ్యత నీది."

"నాదే సర్."

మెకానిక్ నవ్వడం మానేశాడు. "కోత మిషన్ల సూడుండ్రి మేడం. గది ఎంఎంల మాలు."

మిట్ట మీద ఒక కోత మిషన్ ఆగి ఉంది. ఒక బోల్టు విప్పి, మా బోల్టు పక్కన ఆనించి వెలుతురుకు పట్టాను. లావు ఒకటే, కానీ సన్న మర. పళ్లలో పళ్లు కూచోలేదు. రెండోది కూచుంది. మధ్యలోంచి వెలుతురు రాలేదు. తల మీద 8.8 అంకె, గట్టి ఉక్కు గుర్తు. నట్టుతో సహా తీసుకున్నాం.

ఏడింటికి నన్నూ ఎక్కించుకుని పడవ కదిలింది. మూడు ట్రిప్పులు. రెండోసారి కొట్టుకొచ్చిన మొద్దు ఇంజన్‌కు గట్టిగా తగిలింది. బోల్టు పట్టు వదల్లేదు. అందరూ ఒడ్డెక్కారు.

మొదట పడవెక్కింది ఒక తల్లి. "గింతసేపు ఏడున్నరు మేడం? ఒర్రి ఒర్రి గొంతు వోయింది," అంటూ పాపను నా చేతుల్లో పెట్టింది. పాప అరికాళ్లు వానకు నాని తెల్లబడి, ముసలి కాళ్లలా ముడతలు పడ్డాయి. ఉద్యోగం వదిలేశాక కూడా, పిల్లలకు స్నానం చేయించి కాళ్లు తుడిచినప్పుడల్లా ఆ అరికాళ్లే కనిపిస్తాయి.

సాయంత్రం డ్యూటీ ముగిసింది. ఒక్కరోజు సెలవిచ్చారు. మర్నాడు పొద్దున సిరిసిల్లలో జరిగిందంతా విని పెద్దమ్మాయి అడిగింది, "పడవ జల్ది ఎందుకు పోలే మమ్మీ?"

"ఇంజన్ ఊడుతదని నేనే ఆపిన బిడ్డా," అన్నాను. "గా పాపను నలభై నిమిషాలు వానల ఉంచింది నేనే."