ఇరవై రూపాయల వాల్యా నాయక్

వాల్యా నాయక్‌కు ఉన్నది ఒకటే పిచ్చి. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో ఇరవై రూపాయల నోటు పెడతాడు. అడుక్కునేవాళ్లకు కాదు, అప్పడిగినవాళ్లకూ కాదు. బస్టాండులోనో, చాయ్ హోటల్ దగ్గరో తన మానాన తాను నిలబడ్డ మనిషిని పట్టుకుని, నోటు ఇచ్చి, "ఇది నీకు గాదు" అంటాడు. మిగతా అన్ని విషయాల్లో బంగారం లాంటి మనిషి. కానీ ఈ ఒక్క పిచ్చితోనే మూడు జిల్లాల్లో నా పరువు తీశాడు.

ఆయన కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అదే ఆఫీసులో నేను గుమాస్తాగా చేశాను. ఇప్పుడు మానుకోటలో మా ఇళ్లు పక్కపక్కనే. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ, ఇక్కడ పుట్టినవాడెవడూ ఆ పేరు నోటితో అనడు. వాల్యాది నర్సింహులపేట పక్కన తండా. ఆయన భార్య ద్వాళి నన్ను అన్నా అంటుంది కాబట్టి నేను ఆయనకు బావనయ్యాను. బావనయ్యాక ఎక్కడికి పోయినా వెంట పోక తప్పదు గదా.

నోటు పుచ్చుకున్నవాడికి నియమాలు కూడా ఉన్నాయి. సొంతానికి వాడకూడదు. తనకు ఎరుకలేని మనిషికే ఇవ్వాలి. హుండీలో వెయ్యకూడదు. చేతిలో పెట్టి, మొహంలోకి చూసి, "ఎట్లున్నవ్?" అని అడగాలి. ఒక కాలేజీ కుర్రాడు, "ఫోన్ల కొట్టనా తాతా?" అని మర్యాదగానే అడిగాడు.

"ఫోన్ల కొడితే చెయ్యికి చెయ్యి తాకుతదారా?" అని వాల్యా వాడికి పావుగంట క్లాసు పీకాడు. వాడి బస్సు పోయింది.

ఇచ్చిన నోటు ఏమైందో మాత్రం ఆయన ఏనాడూ చూడడు. "ఇచ్చినంక ఎన్కకు మర్రి జూస్తే, అది ఇచ్చినట్టు గాదు బావా" అంటాడు.

ఒకసారి నర్మెట్టలో పెళ్లికి పోతూ జనగామ బస్టాండులో దిగాం. నేను నీళ్ల సీసా కొనుక్కుని వచ్చేసరికి ఇరవై మంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో మా వాల్యా, ఎదురుగా తలకు తువ్వాల చుట్టుకున్న ఒక మనిషి. ఆ మనిషి నోటును రెండు వైపులా తిప్పి చూస్తున్నాడు, వాసన చూస్తున్నాడు.

"మీ ఇంట్ల ఎవలకన్న పానం బాగలేదా?" అన్నాడు.

"లేదే. అందరం మంచిగున్నం."

"మరి ఎవలి రోగం దెచ్చి నాకు అంటవెడుతున్నవ్? దిష్టి దీసిన నోటేనా ఇది?"

అంటూనే నోటు కింద పడేశాడు. గాలికి ఎగిరి ఇంకొకరికి తగులుతుందేమోనని జాలిపడి, దాని మీద తన చెప్పు విడిచాడు. "దిష్టి నోటైతే నిమ్మకాయ ఏది?" అని ఒకామె అనుమానం వెలిబుచ్చింది. "నిమ్మకాయలు పిరమైనయ్ గదా, ఉత్త నోటే ఇస్తున్నరు" అన్నాడు పక్కాయన. ఇంతలో నర్మెట్ట బస్సు వచ్చింది. ఆ మనిషి ఒంటి చెప్పుతోనే ఎక్కేశాడు. వాల్యా పాపం, ఆ చెప్పు దులిపి కిటికీలోంచి అందించాడు. ఆ మనిషి దాన్ని అదే కిటికీలోంచి బయటికి విసిరేశాడు. అదే బస్సులో మేమూ పోవాలి. నర్మెట్ట దాకా ఆయన మమ్మల్ని చూస్తూ థూ థూ అనుకుంటూనే ఉన్నాడు.

సర్పంచు ఎన్నికలప్పుడు ఇంకా ఘోరం. వాల్యా తండాకు పోయి, పొలాల నుంచి వస్తున్న పక్క ఊరి కూలీలకు అలవాటుగా నాలుగు నోట్లు పంచాడు. గంటలో కబురు ఊరంతా పాకింది. అప్పటికే పోటీలో ఉన్న మేనల్లుడు ప్రేమ్‌సింగ్ పరుగెత్తుకొచ్చాడు.

"మామా, నువ్వు గూడ నిలవడ్డవా? నాకు ఒక్క మాట చెప్పరాదా? ఏ గుర్తు?"

"నాకు గుర్తేందిరా?"

"మరి పైసలెందుకు పంచుతున్నవ్?"

వెనకే ఒక ముసలావిడ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది. "ఓటుకు ఇరవయ్యా? మాకు ఇజ్జత్ లేదా? ఇరవైకి వేస్తే రేపు నలుగుట్ల మొకమెట్ల జూపియ్యాలె?" అని కడిగిపారేసింది. చివరికి తనిఖీ జీపు వచ్చింది. అందులోంచి దిగిన అధికారి, "ఎవరి తరఫున పంచుతున్నావ్?" అని గద్దించాడు.

"ఎవ్వల తరఫున గాదు సార్. ఇగో, మీరు గూడ తీస్కోండ్రి. భయపడకుండ్రి, ఇది మీకు గాదు."

చుట్టూ పదిహేను ఫోన్లు వీడియో తీస్తున్నాయి. ఆ అధికారి రెండు చేతులూ పైకెత్తి, అలాగే వెనక్కి నడుచుకుంటూ పోయి జీపెక్కాడు. జీపులో కూడా చేతులు దించలేదని తండావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

కాళేశ్వరం పోతే అక్కడా అంతే. గోదావరిలో చిల్లర విసరబోతున్న భక్తుడి చెయ్యి గాలిలోనే పట్టుకున్నాడు. "గోదారమ్మ ఏం కొనుక్కుంటది నాయినా? ఆ చిల్లరకు ఇది గూడ కలిపి ఎవ్వలి చేతిలనన్న వెట్టు" అని నోటిచ్చాడు. ఆ భక్తుడు నోటును కూడా మడిచి నదిలో వేసి, భక్తిగా దండం పెట్టుకున్నాడు.

ఈ కథలన్నీ ద్వాళమ్మ చెవిన పడుతూనే ఉన్నాయి. ఆమె తెలుగులో తిడితే ఫరవాలేదని అర్థం. లంబాడీలోకి దిగిందంటే నేను చెప్పులు వెతుక్కుంటాను. మొన్న పింఛను పడిన రోజు, ఆయన అయిదు వందల నోటు పట్టుకుని ఇరవైల కోసం చాయ్ హోటళ్ల వెంట తిరుగుతుంటే, ఆమె బజారులోనే ఆపేసింది. లంబాడీలో మొదలుపెట్టి, నాకు కూడా అర్థం కావాలని తెలుగులోకి వచ్చింది.

"ఇన్నేండ్ల సంది పంచుతున్నవ్. ఒక్క నోటన్న ఇంకొకలకు ముట్టిందా? ఒక్కల్ని జూపియ్యి. ఐతారం దాక టైం ఇస్తున్న. జూపియ్యకపోతే ఏటీఎం కార్డు నాకిచ్చి, ఈ పిచ్చి ఇడిసిపెట్టాలె. మా మొండన్నే సాక్ష్యం" అని నా దిక్కు వేలు చూపింది.

వాల్యా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఇంటికి నడుస్తూ, "నిజంగ ఎవ్వలియ్యకపోతే ఎట్ల బావా?" అన్నాడు మెల్లగా. ఎన్నడూ వెనక్కి చూడని మనిషి మొదటిసారి భయపడ్డాడు. కార్డు పోతుందని కాదు, మనుషుల మీద పెట్టుకున్న నమ్మకం పోతుందని. నేను ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు గానీ, ఈ పందెం మాత్రం ఆయనే గెలవాలని గట్టిగా కోరుకున్నాను.

ఆయన నోటు ఇవ్వడం, నేను దాని వెంట నడవడం. ఇదీ ఏర్పాటు. మొదటి నోటు తీసుకున్న కుర్రాడు మలుపు తిరగగానే మిర్చి బజ్జీలు తిని, వేళ్లు కూడా నాక్కున్నాడు. రెండోది ఒక తెల్లచొక్కా పెద్దమనిషి తన దుకాణంలో లక్ష్మీదేవి పటం వెనక దోపుకున్నాడు. మూడోది తీసుకున్న కోడలు పిల్ల నేరుగా ఇంటికి పోయి అత్త చేతిలో పెట్టింది. నేను పరుగున వచ్చి, "ముట్టింది చెల్లె!" అన్నాను.

"అత్త ఎరుకలేని మనిషా?" అంది ద్వాళమ్మ.

"నువ్వే చెప్పు చెల్లె. మీ అత్త నీకు ఎన్నడన్న ఎరుకయిందా?"

ఆమె వేళ్ల మీద కాపురం చేసిన ఏళ్లు లెక్కపెట్టుకుంది. ఒప్పుకుంటుందనే అనుకున్నాను గానీ, చివరికి చెల్లదంది.

ఆదివారం వచ్చేసింది. నా సాక్ష్యం మీద నమ్మకం పోయి ద్వాళమ్మ కూడా బయల్దేరింది. వాల్యా మమ్మల్ని పెద్ద దవాఖాన గేటు దగ్గరికి తీసుకుపోయాడు. నోట్లు ఎక్కువగా ఇచ్చేది ఇక్కడేనట. కానీ ఎప్పుడూ లోపలికి పోలేదట. టిఫిన్ డబ్బాతో హడావుడిగా వస్తున్న ఒక ఆడమనిషి చేతిలో నోటు పెట్టి నియమాలు చెప్పాడు.

"నా పరేషాన్ల నేనుంటే నడిమిట్ల నీదేంది పెద్దనాయినా!" అని ఆమె నోటును గుప్పిట్లో నలుపుకుంటూ పోయింది. మేమిద్దరం వెంట నడిచాం. వాల్యా గేటు దగ్గరే, దవాఖానకు వీపు తిప్పి నిలబడ్డాడు.

మా దిక్కు దవాఖానలో ఉన్న మనిషిని చూడబోతే ఉత్త చేతులతో పోరు. బ్రెడ్డో పండ్లో పట్టుకుపోయి, వచ్చేటప్పుడు మంచం మీది మనిషి చేతిలో వందో యాభయ్యో పెట్టి, ధైర్యం చెప్పి వస్తారు. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అన్నది పడుకున్నవాళ్లకు మందుల కంటే ముఖ్యం. టిఫిన్ డబ్బా ఆమె తల్లి మంచం చుట్టూ తొమ్మిది మంది చుట్టాలు. దిండు మీద బ్రెడ్డు పొట్లాలు పేరుకుని ఆ తల్లికి తల పెట్టుకునే జాగా లేదు. డబ్బా అక్కడ పెట్టి, టిఫిన్ ఆమె గుప్పిట్లో నోటు చూసుకుంది. వార్డంతా కలియజూసింది. మూలమంచం దగ్గర ఎవరూ లేరు. కాలికి కట్టుతో ఒక ముసలావిడ పైకప్పును చూస్తూ పడుకుంది. టిఫిన్ ఆమె మొహమాటంగా అక్కడికి పోయి, నోటు చేతిలో పెట్టింది.

"ఎట్లున్నవ్ అవ్వా?"

"కూసో బిడ్డా. ఇయ్యాల నువ్వు నాలుగోదానివి" అంది ముసలావిడ.

ద్వాళమ్మ నా జబ్బ గట్టిగా పట్టుకుంది. అటుగా పోతున్న నర్సమ్మ, "గట్టవ్వకున్నన్ని చుట్టాలు ఈ వార్డుల ఎవ్వలకు లేరు" అని నవ్వింది. టిఫిన్ ఆమె కాలి సంగతి, పడ్డ సంగతి అన్నీ విని లేచాక, మేం మంచం దగ్గరికి పోయాం. గట్టమ్మది భూపాలపల్లి అవతల ఏదో ఊరు. పత్తి ఏరడానికి వచ్చి కాలు విరగ్గొట్టుకుంది. వెంట వచ్చిన కూలీలు పని అయిపోయి వెళ్లిపోయారు.

"ఎవ్వలో ఏమో బిడ్డా. వచ్చుడు, చేతిల ఇరవై వెట్టుడు, ఎట్లున్నవ్ అనుడు. మొదలు భయమయ్యింది. నేను సస్తున్న గావచ్చు, అందుకే ఊరూరోళ్లు జూడవస్తున్నరు అనుకున్న. డాక్టర్‌ను అడిగిన. సావవు అన్నడు. ఇగ అప్పటి సంది మంచిగనే అనిపిస్తున్నది."

ద్వాళమ్మ ఏదో అనబోయింది. గట్టమ్మ ఆమెను ఎగాదిగా చూసి, దిండు కింది నుంచి ఒక నోటు తీసింది.

"నీ కాళ్లు మంచిగనే ఉన్నయ్ గదా? ఆ తలుపు కాడి పిల్ల నిన్నటి సంది గోడ దిక్కు మొకం వెట్టుకొని పండుకున్నది. ఎవ్వలు రాలేదు. ఇది ఇచ్చి మాట్లాడిచ్చి రా. చెయ్యి వట్టుకొని అడుగాలె, ఉత్తగ గాదు."

ద్వాళమ్మ నోటు పట్టుకుని, బడిలో పంతులమ్మ పని చెప్పిన పిల్లలా తలుపు దగ్గరికి నడిచింది. నేను గేటు దగ్గరికి ఉరికాను. వాల్యా నా అడుగుల చప్పుడు విని, వెనక్కి తిరగకుండానే జేబులోంచి కార్డు తీసి చేతిలో పట్టుకున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన అక్కడే అరుగు మీద కూలబడి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"నువ్వే లోపటికి పోయి ఇయ్యరాదా వాల్యా? ఇంత తిప్పలెందుకు?"

"నేనైతే నేనొక్కన్నే పోత బావా. మంచం మీదోనికి ఒక్క చుట్టం ఏం సరిపోతడు?" అన్నాడు. "నౌకరి కొత్తల స్తంభం మీదికెళ్లి పడ్డ గదా. నలభై దినాలు మంచం మీద ఉన్న. తండంత మిర్చి ఏరనీకె పోయిండ్రు. ఆఫీసుల నన్ను ఎవ్వలెరుగరు, నువ్వు అప్పటికింక రాలేదు. పక్క మంచపోనికి వచ్చిన చుట్టం ఒకాయన, పోతపోత నా చేతిల గూడ అయిదు రూపాలు వెట్టి, ఎట్లున్నవ్ తమ్మీ అన్నడు. ఆ నలభై దినాలల్ల నన్ను అడిగింది ఆయనొక్కడే."

మా వెనక ద్వాళమ్మ ఎప్పుడొచ్చిందో ఇద్దరం చూసుకోలేదు.

"తండంత వచ్చింది, మంచం కాడ జాగ లేదు అని నాకు చెప్పిపంపినవ్ గదా?" అంది.

"పచ్చి బాలింతవు. ఎవ్వలు రాలేదంటే పిల్లనెత్తుకొని బస్సెక్కకపోదువా?"

లంబాడీలోకి దిగుతుందేమోనని నేను చెప్పులు చూసుకున్నాను గానీ, దిగలేదు. ఆ క్షణాన నాకు ఇద్దరూ ఎంత ముద్దొచ్చారో చెప్పలేను. ఆమె కార్డు లాక్కుని ఆయన జేబులోనే కుక్కి, పక్కన కూర్చుని, ఆయన స్తంభం మీది నుంచి పడ్డ ముప్పై అయిదేళ్లకు ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఎట్లున్నవ్?" అంది.

ఇంకెవరైనా అయితే బాగున్నానని ఊరుకునేవారు. మా వాల్యా ఈ ప్రశ్న కోసం అన్నేళ్లు కాచుకుని ఉన్న మనిషి. "ఎడమ కాలు జర గుంజుతున్నది" అని మొదలుపెట్టాడు. "అన్నం మెత్తగనే పెడుతున్నరు గని పప్పుల ఉప్పు లేదు. పక్క మంచపోడు తెల్లారేదాక గురక వెడుతడు. రెండో దినం డాక్టరొచ్చి ఏమన్నడంటే..."

నేను వెళ్లి చాయ్ తాగి, పేపరు చదివి, తీరుబడిగా తిరిగి వచ్చేసరికి, ఆయన ఇంకా పదకొండో రోజులోనే ఉన్నాడు.