నన్ను నాయనకు కట్టిన తువాలు

ఈరోజు ఆదోని నుంచి ఎమ్మిగనూరు బయలుదేరగానే, గేరు మార్చినప్పుడల్లా బండి టకామని కుదిపింది. ఊరి చివర మెకానిక్ మస్తాన్ దగ్గర ఆపాను.

"గేర్ బాక్సుకేం కాల్యేదన్నా. కేబులు లూజైంది. నువ్వు పట్టినా క్లచ్ పూర్తిగా ఇడ్సడంల్యా" అన్నాడు.

ఇది మా నాయన బండి. నా చిన్నప్పుడు ఆదోనిలో పత్తి అమ్ముకుని వస్తూ, వెనక నేను నిద్రలో పడిపోకుండా తువాలుతో తన నడుముకు కట్టుకునేవాడు. చెమటకు తడిసిన చొక్కా, బీడీ వాసన, చెంపకు వెచ్చగా ఆయన వీపు. మిమ్మల్నీ ఇట్లా కట్టేవాళ్లు కదా? నాయన గేరు వేస్తే నాకు మెలకువే వచ్చేది కాదు. కళ్లు తెరిస్తే ఇల్లు.

పోయిన ఎండాకాలం ఆసుపత్రి నుంచి నాయనను ఇంటికి తెచ్చాను. కూర్చునే సత్తువ లేదని అదే తువాలుతో నాకు కట్టుకున్నాను. బండి కుదిపినప్పుడల్లా మూలిగాడు.

"మెల్లగా ఎయ్యప్పా. నేనేస్తే నువ్వెప్పుడన్నా నిద్ర లేసినావా?" అని నవ్వబోయి దగ్గాడు.

ఆ తర్వాత నాయన మళ్లీ బండెక్కలేదు. ఆ వారమే పోయాడు.

మస్తాన్ కేబులు బిగించాడు. గేరు చప్పుడు లేకుండా పడింది. బండి పక్క డబ్బా తెరిచి, "సేతులు తుడ్సుకోను ఈ పాత తువాలు తీసుకుంటానన్నా" అన్నాడు.

"అది వద్దప్పా" అని నా రుమాలు ఇచ్చాను.

వెనక ఎవరూ లేరు. అయినా ఇల్లు చేరేదాకా మెల్లగానే గేర్లు వేసుకుంటూ వచ్చాను.