నోరు కట్టుకోమంటే

ఒక్క చిగురు వాపుతో వీధి వీధినంతా ఏడిపించిన ఘనత నాచారంలో నాకొక్కదానికే దక్కింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి.

ఆరేళ్ళ కిందటి మాట. పై చిగురు వంకాయలా ఉబ్బింది, ముందు పళ్ళు రెండూ ఊగుతున్నాయి. ఉప్పల్లో పళ్ళ డాక్టరమ్మ చిగుళ్ళు గీకి, కడిగి చెప్పింది.

"చిగుళ్ళలో నరాలుంటాయమ్మా. మీరు చిరాకు పడితే అవి రెచ్చిపోయి వాపు పెంచుతాయి. మనసు కుదురుగా ఉంచుకోండి. తీపి మానేసి నోరు కట్టుకోండి. సోమవారానికి తగ్గకపోతే రెండూ పీకాల్సిందే."

"పీకితే నవ్వుడెట్ల డాక్టరమ్మా?"

"అందుకే చెప్పింది చెయ్యండి."

నోరు కట్టుకోవడమంటే తిండి తగ్గించడమని పాలు తాగే పిల్లకూ తెలుసు. కానీ నొప్పిలో ఉన్నదానికి బుర్రెక్కడిది? నరాల సంగతి కదా, గుడ్డతోనే కట్టాలనుకున్నాను. తెల్లటి పాత పంచె చింపి, గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా బిగించాను. కట్టు భలే కుదిరింది. మా ఆయన పోయినప్పుడు దగ్గరుండి చూసినదాన్ని మరి. చిగురుకు రాసిన లవంగ నూనె ఘాటు పడక ముక్కులో కాస్త దూది పెట్టుకున్నాను. మనసు కుదురు కోసం చేతులు పొట్ట మీద పెట్టుకుని, పట్టపగలు గుమ్మం ఎదుట చాప మీద వెల్లకిలా పడుకున్నాను. మీరే చెప్పండి, ఇంకేం తక్కువ?

అటుగా పక్కింటి సత్తెమ్మ వచ్చింది. మాకు ఏడాదిగా మాటల్లేవు. నా కరివేపాకు చెట్టును ఎవరో దూసేస్తున్నారని రోజూ గోడ మీదుగా తిట్టిపోసేదాన్ని.

"అయ్యో అక్కా, పోయినవా" అని గుండెలు బాదుకుంది. వీధంతా వచ్చేసింది. లేద్దామనే అనుకున్నాను. కానీ నన్ను అంతలా పొగిడినవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక లేరు. ఇంకాసేపు విందామనిపించింది.

"బంగారమసుంటి మనిషి. నోరు పెద్దదే గని మనసు ఎన్నపూస. గా కరివేపాకు దూసింది నేనే అక్కా, జర మాఫ్ జెయ్యి" అంది సత్తెమ్మ.

లేచి కూర్చున్నాను. "ఉవ్వేనా?" అంది కట్టులోంచి నా నోరు.

క్షణంలో వీధి ఖాళీ. మూలింటాయన చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తాడు. సత్తెమ్మ మాత్రం కదల్లేక కూలబడింది. కట్టు విప్పి నీళ్ళిచ్చాను. ఒకరినొకరు చూసుకుని పొద్దుగూకే దాకా నవ్వాం. ఆ వారమంతా తిట్లు బంద్, నవ్వులే.

సోమవారం డాక్టరమ్మ పళ్ళు కదిపి చూసింది.

"వాపు దిగిందే. నరాలు శాంతించాయి. ఏం చేశారమ్మా?"

"ఏం జెయ్యలే డాక్టరమ్మా. జరసేపు సచ్చిపోయిన."

పళ్ళు రెండూ నోట్లోనే ఉన్నాయి. వాటి మీద ఒట్టేసి చెబుతున్నాను: ఇక నా దవడ నేను కట్టుకోను. ఆ పని నలుగురూ వచ్చి చెయ్యాల్సిందే.