ఉయ్యాలలో పొత్రం

మా ఇళ్ళల్లో ఖాళీ ఉయ్యాల ఊపరు. ఊపితే పసిపిల్లలకు కడుపునొప్పి వస్తుందంటారు. ఇంకా పుట్టనివాళ్ళు రాకుండా పోతారని మా అమ్మ నమ్మకం. బారసాల నాడు కూడా బిడ్డను నేరుగా ఉయ్యాలలో వెయ్యరు. ముందు సన్నికల్లు మీది పొత్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మెత్తటి పాతగుడ్డలో చుట్టి పడుకోబెడతారు. ఆ తర్వాతే బిడ్డ. ఇవన్నీ తెలిసే నేను ఖాళీ ఉయ్యాల ఊపే తల్లి మీద నాటిక రాశాను. ఆ తల్లి వేషం నా భార్య వేసింది.

నేను నందిగామలో పత్రికా విలేకరిని. ఒకసారి చిల్లకల్లు దగ్గర హైవే మీద ప్రమాదం జరిగితే వెళ్ళి వస్తున్నాను. పక్కన మిరప చేలో కోత సాగుతోంది. గట్టు మీది వేపచెట్టుకు పాతచీరతో ఉయ్యాల కట్టి ఉంది. ఒకావిడ సాలు చివరికి వచ్చినప్పుడల్లా దాన్నొక ఊపు ఊపి మళ్ళీ కోతలోకి వెళ్తోంది. ప్రమాదం గురించి నాలుగు ముక్కల్లో రాసి పంపాను. ఉయ్యాల వార్త కాదు కాబట్టి మిగిలిపోయి, నాటికయింది.

నాటికలో ఆ తల్లికి బిడ్డ పోయి ఏడాది. అయినా రోజూ ఉయ్యాల కట్టి, సాలు చివర ఊపుతూనే ఉంటుంది. తోటి కూలీలు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఆఖరికి తనే చీర విప్పి, దులిపి, మడత పెట్టి కోతలోకి వెళ్ళిపోతుంది.

నా భార్య జగ్గయ్యపేటలో టీచరు. బడి అయ్యాక అక్కడి వరండాలోనే రిహార్సల్స్ చేసుకుని బస్సులో నందిగామ వచ్చేది. మా నాటక సమాజంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. అంతకుముందు ఇంకొకావిడ ఉండేది. పిల్లాడు బడికెళ్ళడం మొదలుపెట్టగానే వచ్చేస్తానని వెళ్ళింది. ఆ పిల్లాడిప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఆవిడ మా ప్రదర్శనలకు వచ్చి ముందు వరుసలో కూర్చుంటుంది. స్టేజీ మీద డైలాగు నడుస్తుంటే ఆవిడ పెదవులు కదులుతుంటాయి. నా భార్య అటు చూడకుండా ఉండటానికి కష్టపడేది.

ఆ ఏడాది విజయవాడలో డాక్టరు సూటిగా చెప్పింది. పిల్లలు కావాలనుకుంటే ఇక ఆలస్యం చేయొద్దని, ఆమె ఆరోగ్యాన్ని బట్టి నెల తప్పిన దగ్గర్నుంచి మంచం మీదే ఉండాల్సి రావచ్చని, వేసవి లోపల ఏదో ఒకటి తేల్చుకోమని. నాకు పిల్లలు కావాలనే ఉండేది. తిరుగు ప్రయాణంలో ఆ మాట ఆమెతో అన్నాను కూడా. ఆమె కిటికీలోంచి చూస్తూ, "మీరు రాసుకోవడం మానక్కర్లేదు కదండీ" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్న మాటే అంది. మా సమాజంలో మగవాళ్ళందరికీ పిల్లలున్నారు. నాటకమా, పిల్లలా అని వాళ్ళనెవరూ అడగలేదు.

ఇంట్లో సాధన కోసం ఆమె హాల్లో కొక్కేనికి చీర కట్టుకునేది. అమ్మ ఒకరోజు వంటింట్లోంచి వచ్చి, ఊగుతున్న ఉయ్యాలను చేత్తో పట్టుకుని ఆపేసింది. "నువ్వే వేషమన్నా వెయ్యి అమ్మాయ్. ఖాళీ ఉయ్యాల మాత్రం ఊపకు" అంది. ఇది నాటకమేగా అత్తయ్యా అంటే, "ఉయ్యాలకు తెలుస్తుందా నాటకమని?" అని లోపలికి వెళ్ళిపోయింది.

నందిగామలో నాటికల పోటీలు జరిగినప్పుడు అమ్మ కూడా వచ్చింది. తెర వెనకాల కాసేపు తిరిగింది. కోడలికి మంచినీళ్ళు తెచ్చిందేమో అనుకున్నాను. నాటిక మొదలైంది. నేను స్టేజీ పక్క తెర చాటున నాటిక ప్రతి పట్టుకుని నిలబడ్డాను. నా భార్య సాలు చివరికి వచ్చి ఉయ్యాలను ఊపింది. తాడు కిర్రుమంది. అంతకుముందెప్పుడూ రాని చప్పుడు. ఆమె భుజం ఒక్క క్షణం బిగుసుకోవడం చూశాను. లోపలున్నదేమిటో ఆమెకు చేతికి తగిలిన బరువులోనే తెలిసిపోయిందట. ఆ పొత్రంతో ఎన్ని పచ్చళ్ళు నూరిందో.

ముగింపులో చీర విప్పి దులపాలి. దులిపితే రాయి స్టేజీ మీద పడి నలుగురూ నవ్వుతారు. ఆమె ఉయ్యాల దగ్గర నిలబడిపోయింది. తర్వాతేం చెయ్యాలో మరిచిపోయిందనుకుని అందించబోయాను. ఆమె వంగి, గుడ్డలో చుట్టి ఉన్నదాన్ని రెండు చేతులతో పైకెత్తి గుండెకు ఆనించుకుంది. చాలాసేపు అలాగే ఉంది. మళ్ళీ నెమ్మదిగా పడుకోబెట్టి, చీర విప్పకుండానే కోతలోకి నడిచింది. దీపాలు ఆరాక చప్పట్లు మోగాయి.

అమ్మ వెనక్కి వచ్చి, పొద్దున పచ్చడి నూరాలి, పొత్రం ఇటివ్వమని అడిగింది. తన వల్ల నాటిక మారిపోయిందని ఆవిడకు తెలియదు.

నడుచుకుంటూ ఇంటికి వస్తుంటే నా భార్య మనసులో ఉన్నది చెప్పింది.  ఇల్లు చేరాక, గేటు తీస్తూ సరేనన్నాను. ఆ ఒక్క మాట అనడానికి ఎంత పట్టిందో ఆమెకు తెలుసు.

మర్నాడు అమ్మ పెరట్లో గోంగూర పచ్చడి నూరుతుంటే ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"అత్తయ్యా, నిన్న అది చేతుల్లోకి తీసుకున్నప్పుడు బిడ్డ గుర్తొస్తుందనుకున్నా. సీను ఎట్లా ముగించాలా అన్నదే గుర్తొచ్చింది. ఆ కాసేపూ నాకింకేం అక్కర్లేదనిపించింది."

అమ్మ నూరడం ఆపలేదు. "అయితే?"

"పిల్లలు వద్దనుకుంటున్నామండి. ఇష్టం లేక కాదు. నాకున్న ఓపికంతా ఒకదానికే సరిపోతోంది. బిడ్డకు సగం మనిషిని ఇవ్వలేను."

అమ్మ నా వైపు తిరిగింది. "నువ్వేమంటావురా?"

"ఇద్దరం అనుకున్నదేనమ్మా."

"వాళ్ళూ వీళ్ళూ అడిగితే ఏం చెప్పను?"

"నాటకాలు వేస్తోందని చెప్పండి" అంది నా భార్య.

"ఇన్నాళ్ళూ అదే చెబుతున్నా. ఎవరికీ చాలట్లేదది." అమ్మ పచ్చడి గిన్నెలోకి తీసి, పొత్రం కడిగి, గోడకు ఆనించి లోపలికి వెళ్ళింది. చాలా రోజులు ఇంట్లో అవసరమైనంత వరకే మాటలు నడిచాయి. ఆవిడ కోపంగా ఉందని నాకనిపించలేదు. ఎవరో పోయిన ఇంట్లో ఉన్నట్టు ఉండేది. ఒక రకంగా అది నిజమే. నేనూ ఆ దుఃఖంలోనే ఉన్నాను. బారసాలకు పిలుపులు వస్తే ఏదో పని ఉందని చెప్పి తప్పించుకునేవాణ్ణి.

తర్వాత జగ్గయ్యపేటలో పోటీలు వచ్చాయి. కొత్త ముగింపే ఉంచుదామని సమాజం వాళ్ళన్నారు. ఉయ్యాలలో బరువు కోసం ఒక ఇటుక చుట్టి పెడదామనుకున్నారు. నా భార్య బడి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళింది. నేను సామాను సంచి భుజాన వేసుకుని బయల్దేరుతుంటే అమ్మ ఎదురొచ్చింది. చేతుల్లో పొత్రం ఉంది. తన పాత నేతచీర ముక్కలో, అంచులు లోపలికి మడిచి, పసిబిడ్డను చుట్టినట్టు చుట్టింది.

"ఇటుకలెందుకు, ఇది తీసుకెళ్ళు. ఖాళీది మాత్రం ఊపనీకు" అంది.

మరి పచ్చడికో అన్నాను. మిక్సీ పచ్చడి నోట పెట్టుకోని మనిషి ఆవిడ.

"మిక్సీ ఉందిగా."

నేను సంచి నోరు తెరిచాను. అమ్మ ఇవ్వలేదు. రెండు చేతులూ చాచమని, వాటి మీద దాన్ని పెట్టింది. నేను ఒక చెయ్యి తీసి సంచి సర్దుకోబోతే ఆపింది.

"తలవైపు పట్టుకోరా."

అలాగే పట్టుకుని బస్సెక్కాను.