ప్లగ్గు మీద నా సంతకం

నా చిన్నప్పుడు, పన్నెండో ఏట అనుకుంటా, ఎనభైల్లో ఓ వేసవంతా అమీర్‌పేటలో ఫ్యాను లేని ఇరుకు గదిలో స్క్రూడ్రైవరు పట్టుకుని గడిపాను. కరెంటు పని నేర్చుకున్న మా పక్కింటి ఆపా, అంటే మాకు అక్క లాంటిది, మా సందు ఆడపిల్లలకు ఊరికే నేర్పేది. ఆవిడ పద్ధతి విచిత్రం. ఎవరి పనీ తాను దిద్దదు. నా పని నా స్నేహితురాలు విప్పి చూడాలి, ఆమెది నేను చూడాలి. బాగుంటే చీటీ మీద 'సరే' అని రాసి, సంతకం చేసి అంటించాలి.

ఆ ఎండల్లో అంత ఓపిక ఎవరికుంది? ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఓ రోజు ఆపా పంజాగుట్ట నుంచి తెచ్చిన ప్లగ్గులను మా ఇళ్లలోని ఇస్త్రీపెట్టెల వైర్లకు బిగించాం. మూత విప్పకుండానే ఆమెదానికి నేను, నాదానికి ఆమె సంతకాలు చేసేశాం.

ఆపా తలుపు గడియ పెట్టి వచ్చి, స్నేహితురాలి ప్లగ్గు నా చేతికిచ్చింది.

"సంతకం నీదే గదా? గోడకు నువ్వే పెట్టు. సాయంత్రం గీ పెట్టెను వాళ్ల నానమ్మ పట్టుకుంటది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెడితే ఏమవుతుందో తెలియదు. పెట్టనంటే మా బండారం బయటపడుతుంది. స్నేహితురాలేమో చెప్పొద్దని కళ్లతోనే బతిమాలుతోంది. గడియ వైపు చూశాను, పారిపోయే దారి లేదు. ప్లగ్గు పట్టుకుని గోడ దాకా వెళ్లాను. రోజూ మాకు మరమరాలు పెట్టే ఆ నానమ్మ చేయి గుర్తొచ్చి భోరుమన్నాను.

"నేను చూడలేదు ఆపా!"

"అయితే ఇప్పుడు చూడు. జర మంచిగ చూడు."

మూత విప్పాను. నా స్నేహితురాలు వైరు మీది తొడుగు మరీ ఎక్కువ ఒలిచేసింది. రాగి పోగులు పక్క స్క్రూను తాకుతున్నాయి. అది ఆపాకు చెబుతుండగానే గుర్తొచ్చింది. నేనూ అంతే ఒలిచాను కదా! ఈలోగా స్నేహితురాలు మొహం మాడ్చుకుని నా ప్లగ్గు విప్పింది.

"నీది సుత గట్లనే ఉంది!" అని అరిచింది.

ఆపా చున్నీ కొంగు ముడి విప్పి తెల్లటి ఫ్యూజు చూపించింది. మేం రాకముందే పీకేసిందట, గోడలో కరెంటే లేదు! "మీ పానాలతోని ఆడుకుంటనా, పిచ్చిదానా?" అని నవ్వింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

తర్వాత ఉద్యోగంలో ఎన్నో కాగితాలు నా బల్ల మీదకు వచ్చాయి. "అందరూ చూసేశారు మేడం, మీరూ సంతకం పెట్టేయండి" అనేవారు. కలం పక్కన పెట్టి మొదటి పేజీ నుంచి చదివేదాన్ని. విసుక్కునేవాళ్లు విసుక్కోనీ. ఆ కాగితం అవతల ఎవరో ఒక నానమ్మ, ఇస్త్రీపెట్టె వైపు చేయి చాస్తూ నాకు కనిపించేది.