కోకాపేట సీసా

ముందే ఒప్పేసుకుంటాను: ఆ సీసాలో మొదటిసారి నీళ్ళు పోసిన తెలివితక్కువవాణ్ణి నేనే.

కోకాపేటలో ఒక అద్దాల టవరు. అందులో మబ్బులకు కాస్త కిందుగా ఒక కంపెనీ ఆఫీసు. రిసెప్షన్‌లో నల్లరాతి దిమ్మ, దిమ్మ మీద గాజు మూతతో అందమైన సీసా, సీసా మీద పైనుంచి పడే లైటు. కింద ఇత్తడి పలక మీద, వాడేసిన వంటనూనె నుంచి తీసిన విమాన ఇంధనం అని ఇంగ్లిషులో చెక్కి ఉంటుంది. వచ్చినవాళ్ళంతా దాని పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్ళు. వాళ్ళు ఫొటో దిగింది అదే ఆఫీసు ప్యాంట్రీలోని వాటర్ క్యాన్ నీళ్ళతో. రసాయనశాస్త్రం చదివి, చెప్పి, జుట్టు నెరిసిన నాకు ఇంత పేరు తెచ్చిన ద్రవం ఇంకొకటి లేదు.

నేను శేరిలింగంపల్లి వైపు ఒక విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాను. మా ల్యాబ్‌లో హాస్టల్ మెస్సుల నుంచి, బజ్జీల బండ్ల నుంచి మాడిన నూనె తెచ్చి, వడకట్టి, వేడీ ఒత్తిడీ పెట్టి, హైడ్రోజన్ పట్టించి, విమానాలకు పనికొచ్చే ఇంధనం చేస్తాం. మా కారిడార్ పొడుగునా మిరపకాయ బజ్జీల వాసన. గంట కొట్టకముందే పిల్లలకు ఆకలేసే విభాగం మాదొక్కటే.

ఆ కంపెనీ వాళ్ళు మాతో కలిసి పనిచేస్తామని వచ్చారు. సంతకాలు, శాలువాలు, బొకేలు అన్నీ అయ్యాయి. భాగస్వామ్యం అన్నారు. ఆ మాటలో భాగం మాదనీ స్వామ్యం వాళ్ళదనీ నాకు తర్వాతెప్పుడో అర్థమయింది. సంతకాల రోజున చూపించడానికి ఏదైనా కావాలన్నారు. మా దగ్గర అసలు ఇంధనం చెంచాల్లో ఉంది. సీసాడు ఉన్నా, అంటుకునే సరుకు లాబీలో పెట్టకూడదని ఆ టవర్ నియమం. అప్పుడు నేనే, ఎవరూ అడక్కుండానే, నోరు తెరిచాను.

“విమాన ఇంధనం కూడా నీళ్ళలాగే తేటగా ఉంటుందండీ. నీళ్ళు పోసేద్దాం. ఇవాళ్టికే కదా!”

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ ఇవాళ అలా రెండో ఏడు దాకా సాగింది.

కంపెనీ తరఫున మాతో వ్యవహారం నడిపే ఆయన కార్డు మీద పార్ట్‌నర్‌షిప్స్ హెడ్ అని ఉంటుంది. మేం హెడ్డుగారు అనుకునేవాళ్ళం. గోదావరి వైపు మనిషి, మహా మర్యాదస్తుడు. ప్రతి మాటకీ చివర అండి తగిలిస్తాడు. సబ్బుతో కడిగిన కత్తిలాంటి అండి అది. తెగిన సంగతి ఇంటికి వెళ్ళాక తెలుస్తుంది. నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. మొదట్లో మురిసిపోయాను. తన కింద పనిచేసే కుర్రాళ్ళ ముందు ఆ మాటని కొంచెం సాగదీసి అంటున్నాడని గమనించేసరికి ఏడాది గడిచింది.

ఇక అసలు పనిచేసిన మనిషి గురించి చెప్పాలి. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. సిద్దిపేట దగ్గర ఊరు. ఈ ఇంధనంతో పెద్ద చిక్కు చలి. చలికాలంలో కొబ్బరినూనె పేరుకున్నట్టు, పైకి వెళ్ళాక ఇదీ పేరుకుంటే విమానం సంగతి చెప్పనక్కర్లేదు. అలా గడ్డకట్టకుండా చేసే ఉత్ప్రేరకాన్ని ఆ అమ్మాయి తయారు చేసింది. నేను సలహాలిచ్చాను. అందులో సగం తప్పని తర్వాత తనే మెల్లగా చెప్పింది.

ఆ పని మీద పేపరు రాసింది. మా విభాగంలో పేపరు ఏదైనా పత్రికకు ఎక్కితేగాని థీసిస్ తీసుకోరు. తనకి ఫెలోషిప్ అయిపోయింది. పుణెలో ఒక పరిశోధనాలయం ఉద్యోగం ఇచ్చి, థీసిస్ పెట్టి ఈ ఏడాదిలోగా చేరమంది. అంతా ఆ పేపరు మీదే ఆగి ఉంది. ఒప్పందం ప్రకారం కంపెనీ సరేననందే పేపరు గడప దాటకూడదు. ఆ ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు నేను కిటికీలోంచి గండిపేట చెరువు ఎంత బాగా కనిపిస్తోందో చూస్తున్నాను.

ఎండాకాలంలో పేపరు కంపెనీ అనుమతికి పంపాం. 

“పేటెంట్ వేశాకండి మాస్టారూ. కంగారు పడకండి,” అన్నాడు హెడ్డుగారు.

వానలు మొదలయ్యాయి. “లీగల్ వాళ్ళు చూస్తున్నారండి.”

గణపతులు నీళ్ళలో కలిశాయి. “నేను చూస్తానన్నాను కదండీ.”

నేను కాస్త గట్టిగా ఈమెయిల్ రాశాను. గట్టిగా అంటే చివర ధన్యవాదాలు తీసేశాను, అంతే. దానికి ఆయన జవాబు మా రిజిస్ట్రారుకి వెళ్ళింది: ప్రొఫెసరు గారి బృందం పనిలో ఆలస్యం చేస్తోందని, దయచేసి మందలించమని. మా కోకాపేట వాళ్ళకి పేట మీదా పేటెంట్ మీదా ఉన్న ప్రేమలో కాస్తయినా మా పేపరు మీద ఉంటే బాగుండేదని రిజిస్ట్రారుతో చమత్కరించబోయాను. ఆయన నవ్వలేదు. సంజాయిషీ రాసిమ్మన్నాడు. రాసిచ్చాను.

ఆ సాయంత్రం ల్యాబ్‌లో ఆ అమ్మాయి నూనె డబ్బాలు కడుగుతూ, నా వైపు తిరక్కుండానే అంది:

“సార్, తప్పుగ అనుకోకుండ్రి. ఆయన అండి అంటడు, మీరు సరేనండి అంటరు. ఇద్దరు మంచిగనే ఉన్నరు. నడుమ నా థీసిస్ పోతున్నది.”

“ఇంకో మాటు మాట్లాడతానమ్మా.”

“మాట్లాడుండ్రి. మాటలకేం తక్కువ మనకు.”

నాకు మాటలతో ఆడుకోవడం సరదా అని మా విభాగమంతటికీ తెలుసు. ఆ ఆటకి ఇంత గట్టిగా ఎవరూ చురక అంటించలేదు.

వెళ్ళి మాట్లాడదామని ఎన్నిసార్లు కోకాపేట వెళ్ళానో! వెళ్ళిన ప్రతిసారీ కింద సెక్యూరిటీ దగ్గర చొక్కాకి స్టిక్కరు, పైన రిసెప్షన్‌లో సోఫా. హెడ్డుగారు మీటింగ్‌లో ఉంటాడు. నేను సీసాకి ఎదురుగా కూర్చుంటాను. సీసా నన్ను చూస్తుంది, నేను సీసాని చూస్తాను. ఇద్దరం లోపల ఏమీ లేకుండా బయటికి మెరుస్తున్నవాళ్ళమే.

దసరా దాటింది. ఒక రోజు హెడ్డుగారే ఫోన్ చేశాడు. విమానాలు నడిపే ఒక సంస్థ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారు, యూనివర్సిటీ ముఖం ఒకటి ఉంటే బాగుంటుంది అన్నాడు.

“రెండే రెండు నిమిషాలండి మాస్టారూ. లోతుల్లోకి వెళ్ళకండి.”

అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను. కింద సెక్యూరిటీ వాళ్ళు తన పేరు లేదని ఆపేశారు. ఫోన్ చేస్తే హెడ్డుగారు, “ఆ అమ్మాయి ఎందుకండి ఇప్పుడు?” అన్నాడు. తను లేకపోతే నేనూ రానన్నాను. నా జీవితంలో నేను పెట్టిన మొదటి షరతు అది. ఎవరికీ వినిపించలేదేమోనని ఇంకోసారి అన్నాను. చివరికి తనకీ ఒక స్టిక్కరు దొరికింది.

పైన అలవాటు ప్రకారం నన్ను తొందరగా రమ్మన్నారు, అలవాటు ప్రకారం సోఫాలో కూర్చోబెట్టారు. అలా కూర్చోబట్టే చూశాను: హెడ్డుగారు స్వయంగా సీసా దించి, పాత నీళ్ళు పారబోయించి, ప్యాంట్రీ నుంచి తెప్పించిన తాజా నీళ్ళు గాజు జగ్గుతో నింపుతున్నాడు. నన్ను చూసి ఇబ్బంది పడలేదు. కన్నుగీటాడు. “మీ ఐడియానే కదండీ మాస్టారూ!” అన్నాడు.

నిజమే. అదే మండింది.

అతిథులు వచ్చారు. నలుగురైదుగురు. అందరిలోకీ పెద్ద హోదా ఆవిడది. తెలుగావిడే, మాట తక్కువ, చూపు ఎక్కువ. హెడ్డుగారు దిమ్మ పక్కన నిలబడి అందుకున్నాడు. ఈ సీసాలోది చలికి గడ్డకట్టదన్నాడు. అందులో అబద్ధం ఏ మేరకో ఫ్రిజ్ ఉన్న ఎవరినైనా అడగొచ్చు. తర్వాత, దీన్ని సాధించింది మా ఇన్‌హౌస్ టీమ్ అన్నాడు. విశ్వవిద్యాలయం కూడా సహకరించిందంటూ నా వైపు చెయ్యి చాపాడు, వడ్డించేవాణ్ణి పరిచయం చేసినట్టు.

నేను పక్కకి చూశాను. అమ్మాయి కుర్తా మీద స్టిక్కరు అంచు ఊడితే దాన్నే గోటితో అతికిస్తోంది, అతికిస్తోంది, అది మళ్ళీ లేస్తోంది.

“మాస్టారూ, రెండు మాటలండి.”

ముందుకు వెళ్ళాను. ఎప్పుడూ మాటలతో పొంగిపొర్లే మనిషిని, గొంతు ఎండిపోయింది. ఎదురుగా సీసా. మూత తీశాను. ఎంతయినా కెమిస్టుని, ముందు వాసన చూశాను. తర్వాత ఎత్తి గటగటా తాగాను.

ఎవరో కెవ్వుమన్నారు. ఒకాయన ఫోన్ జారవిడిచాడు. ఆవిడ రెండడుగులు ముందుకొచ్చింది.

“సార్! అది ఇంధనం కదా!”

“హెడ్డుగారిని అడగండమ్మా. నేను తాగింది ఇంధనమే అయితే అంబులెన్సు పిలవాలి. వారు పిలవడం లేదు చూశారా?”

హెడ్డుగారు ఇంధనం అన్నాడా మనిషి ప్రాణం మీదికొస్తుంది, నీళ్ళన్నాడా కంపెనీ మానం పోతుంది. జన్మలో మొదటిసారి ఆయన వాక్యం అండి దాకా చేరలేదు.

“అది... డిస్‌ప్లే కోసం... ఫైర్ సేఫ్టీ...”

“నీళ్ళేనమ్మా,” అన్నాను. “మొదటిసారి పోసింది నేనే. అప్పుడే మీలాంటివాళ్ళకి చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. నాదే బుద్ధితక్కువ.”

“మరి అసలుదేదీ?”

“అసలుది మా ల్యాబ్‌లో, ఈ అమ్మాయి బీరువాలో ఉంది. చేసింది తనే. ఎలా చేసిందో రాసిన పేపరు వీరి దగ్గరుంది. ఎండాకాలం నుంచీ అక్కడే ఉంది.”

ఆవిడ అమ్మాయి వైపు తిరిగి ఏవేవో అడగసాగింది. ఎంత చలికి తట్టుకుంటుంది, ఎన్నిసార్లు చేసి చూశారు, నూనె మారితే ఏమవుతుంది. అమ్మాయి అన్నిటికీ జవాబు చెప్పింది. తెలియనిదొకటి ఉంటే, “అది ఇంకా చూడలేదు మేడమ్,” అంది. ఆవిడకి ఆ జవాబే బాగా నచ్చినట్టుంది. హెడ్డుగారితో ఒకటే అంది.

“బయటివాళ్ళు పరీక్షించి అచ్చువేసిన ఫలితాలు లేకుండా మా ఇంజనీర్లు దీన్ని ముట్టుకోరు. పేపరు ఎందుకు ఆపారు?”

“ఆపడమేం లేదండి. ఇవాళే... ఇవాళే పంపిస్తున్నామండి.”

అండి వెనక్కి వచ్చింది గాని, పదును పోయింది. అక్కడే ఫోన్ తీసి, అందరి ముందూ అమ్మాయికి అనుమతి మెయిల్ పెట్టాడు. తను తన ఫోన్‌లో రెండుసార్లు చదువుకుని, నా చెవిలో గుసగుసలాడింది:

“సార్, వచ్చింది. నిజంగనే వచ్చింది. మీ కడుపుల ఏం పరేషాన్ లేదు గద?”

లేదు. అంతా భోజనాలకి కదిలారు. వెనక మేమిద్దరమే మిగిలాం, నేనూ, సగం ఖాళీ అయిన సీసానూ. హెడ్డుగారు తలుపు దగ్గర ఆగి, ఆఫీసు మనిషికి సీసా చూపిస్తూ నింపమన్నట్టు సైగ చేయడం కనిపించింది. పేపరు విడుదలయింది, అమ్మాయి పని జరుగుతుంది, ఇక నేను పెద్దమనిషిలా వెళ్ళి పప్పన్నం తినాల్సింది.

గాజు మూత ఇంకా నా చేతిలోనే ఉంది. జేబులో వేసుకున్నాను.

మూత లేని సీసాని విమాన ఇంధనం అని ఎవరికీ చూపించలేరు. దగ్గరికొచ్చిన ఎవరికైనా వాసన రావాలి కదా. ఆ తర్వాత ఆ దిమ్మ మీద మనీ ప్లాంట్ పెట్టారని విన్నాను. మా ఒప్పందం కూడా ఆ ఏడుతోనే ఎండిపోయింది.

మూత మాత్రం నల్లగండ్లలో మా వంటింట్లో నువ్వులనూనె సీసాకి అచ్చం కొలిచి చేసినట్టు సరిపోయింది. ఆ రోజు గర్వంగా జరిగిందంతా చెప్పి దాన్ని మా ఆవిడ చేతిలో పెట్టాను. అనంతపురం మనిషి, ఊరికే మెచ్చుకోదు. అటూ ఇటూ తిప్పి చూసింది.

“మూతొకటే తెచ్చినారా? సీసా జేబులో పట్టలేదా?”