రెండు ముడుల కాడ తలుపు

మా గోదాం హమాలీ మేస్త్రి పోయి నెల కావస్తున్నది. ఆ రోజు పొద్దున నేను వాకిట్లో కూసోని బియ్యంలో రాళ్లు ఏరుతుంటే ఆయన అల్లుడు వచ్చి నిలబడ్డడు. తలకు రుమాలు లేదు. హమాలీ రుమాలు లేకుండ వచ్చిండంటేనే సగం సంగతి తెలిసిపోయింది.

"మామ పోయిండమ్మా" అన్నడు.

అయ్యో అనాలె. ఎప్పుడు, ఎట్ల అని అడగాలె. చదువుకున్నదాన్ని, నలుగురికి మర్యాదలు చెప్పేదాన్ని. కానీ నా నోట్లో నుంచి వచ్చిన మొదటి మాట, "గోదాం తాళంచెవి యాడున్నది?"

అన్నంక నాకే సిగ్గయింది. అల్లుడు మాత్రం ఏమనుకోలేదు. నడుముకు చెక్కుకున్న తాళంచెవి తీసి నా ముందర పెట్టిండు.

"అమ్మ గదే అడుగుతదని మామ నిన్ననే చెప్పిండు. తప్పు పట్టొద్దన్నడు. భయమున్నోళ్లే అడుగుతరన్నడు."

అట్లాంటి మనిషి గురించి రాస్తున్న. చదివేటోళ్లు గొప్ప గొప్ప మాటలకు ఎదురుచూడొద్దు. ఆయనకు పెద్ద మాటలు గిట్టవు, పెద్ద బస్తాలు గిట్టవు. ఏదైనా మనిషి మోసేటంతనే ఉండాలె అనేటోడు.

మా గోదాం సిద్దిపేట గంజ్ వెనుక ఉంటది. మట్టిగోడలు, మీద గూనపెంక, పెంక కింద వెదురు, గడ్డి. మా ఇంటాయన పోయినంక అది నా నెత్తిన పడ్డది. ఆ ఏడే వానలు ఎక్కువై ఊళ్లల్ల భూమిలో తవ్వుకున్న పాతరలు నాని విత్తనమంతా బూజు పట్టింది. అప్పటిసంది కొండపాక, ధూళిమిట్ట రైతులు విత్తనపు జొన్నలు తెచ్చి మా దగ్గర దాచుకునుడు మొదలుపెట్టిన్రు. తర్వాత యుద్ధమొచ్చి, బయట గింజ దొరుకుడే కష్టమైపోయింది. అంటే మా పెంక కింద ఉన్నవి ఉత్త బస్తాలు కావు. వచ్చే ఏడు ఆ ఊళ్ల పొయ్యిలు వెలుగుతయా లేదా అన్నది అక్కడనే ఉన్నది. అది కాలిపోతే మళ్ల విత్తనం ఎక్కడినుంచి తేవాలె? ఈ ప్రశ్న ఇప్పుడు నన్ను రోజూ పీక్కతింటున్నది. మేస్త్రికి మొదటి రోజే వచ్చింది.

"ఇదంత కాలితే ఏం చేద్దామమ్మా?" అని అడిగిండు, మొదటి బస్తా బండి దిగకముందే.

"శుభమా అని సరుకు వస్తుంటే కాలుడేంది మేస్త్రీ? నోరు మంచిగ లేదా?"

"నోరు మంచిగనే ఉన్నదమ్మా. పెంకే మంచిగ లేదు."

ఆ రోజునుంచి గోదాం ఆయన భయం ప్రకారం నడిచింది. విత్తనపు బస్తాల మీద ఎర్రజాజుతో గీత గీసి తలుపు దగ్గర పెట్టించిండు. తిండిగింజలు వాటి వెనుక. ఆముదాల వంటి నూనెగింజలు ఆ చివర గోడకు. మంటొస్తే గీత ఉన్నవి ముందు బయటికి రావాలె. "నువ్వెంత మొత్తుకున్నా ఆముదాలు ఆఖరుకే" అని నాకే హుకుం జారీ చేసిండు. ఎవరి విత్తనం ఎన్ని బస్తాలో, ఎక్కడున్నదో నాతోటి రెండు కాయిదాల మీద రాయించి, ఒకటి నా దగ్గరుంచి ఇంకోటి తన గుడిసెలో దాచుకున్నడు. ఆయనకు అక్షరం రాదు.

"చదువురాని నీకు కాయిదమెందుకు?" అంటే, "చదువుకునేటందుకు గాదమ్మా, నీది కాలితే ఇచ్చేటందుకు" అన్నడు.

పక్క గల్లీ గానుగాయన దగ్గరికి పోయి, మా సరుకు వీధిన పడితే ఆయన దొడ్డిలో దించుకోనియ్యాలని ముందే మాట తీసుకున్నడు. ఆ గానుగాయన నేను కనబడినప్పుడల్లా "ఇంకా కాలలేదా అమ్మా?" అని పలకరించేటోడు. ఊళ్లో ఇంకెవరికీ ఇసొంటి క్షేమసమాచారం దొరకదు.

అన్నింటికన్న వింత ఆ తాడు. గోడ పొంటి ఒక మనిషి పట్టేంత దారి ఖాళీగ వదిలించి, ఆ దారి పొడుగున తన రొమ్మెత్తున గోడకు తాడు కట్టిండు. నాకది గడ్డం కాడికి వచ్చేది. మలుపు దగ్గర ఒక్క ముడి, తలుపు దగ్గర రెండు ముడులు. అమావాస్య నాడు హమాలీలు బరువు మొయ్యరు. సరిగ్గ ఆ రోజే అందరినీ పిలిచి, ఎవరి రుమాలు వాళ్ల కండ్లకు కట్టించి, ఆ చివరినుంచి తాడు పట్టుకొని బయటికి రమ్మనేటోడు.

"మీసాలొచ్చినోళ్లంత కండ్లగంతలాట ఆడుతున్నరా?" అని నేను తలుపు కాడ నిలబడి నవ్వేదాన్ని.

"పొగల కండ్లు పనిచెయ్యవమ్మా. కాళ్లకు నేర్పాలె. నువ్వు గూడ ఒక్కసారి నడువు."

"తాడు కాలదా?"

"కాలకముందే బయటపడాలెనంటే ఇప్పుడే నేర్చుకోవాలె."

నేను నడువలేదు. మా నాయిన నాకు తెలుగూ ఉర్దూ రెండూ చదివించిండు. అందుకని గోదాంలో తలుపు ఏ దిక్కున్నదో నాకు ఒకరు చెప్పనక్కరలేదని అనుకున్న.

ఒక ఏడు ఆముదాలు విపరీతంగ పండినయి. పెట్టుకోండి, పెట్టుకోండి అని బండ్ల మీద బండ్లు. లోపల జాగ లేదు, నడుమ నడిచే సందు, గోడ పొంటి మేస్త్రి వదిలించిన ఆ దారి తప్ప. దాంట్లో పెట్టమన్న.

"ఖాళీ జాగ గూడ సరుకేనమ్మా" అన్నడు. "దాన్ని ఎవ్వరికీ ఇయ్యొద్దు."

"రేపు గాలిని గూడ బస్తాల కట్టుకొస్తవేమో మేస్త్రీ!"

హమాలీలు పగలబడి నవ్విన్రు. ఆయన నవ్వలేదు, వాదం పెట్టుకోలేదు. నేను చెప్పినకాడల్లా బస్తాలు పెట్టించిండు. సాయంత్రానికి తాడు కనబడకుండ పోయింది. నాకు ఒక పీడ వదిలినట్టు అనిపించింది.

ఎండకాలం, మిట్టమధ్యాహ్నం. ఆముదాలకు పురుగు పట్టిందేమో చూద్దామని నేనే ఆ చివరికి పోయిన. వెనుకింటి పొయ్యిలో నుంచి నిప్పురవ్వ గాలికి లేచి మా పెంక సందున పడ్డదట. నాకు ముందు తెలిసింది వాసన. తర్వాత నెత్తి మీద గడ్డి చిటపటలాడింది. తిరిగి చూసేసరికి నడుమ ఉన్న దారి పొగతోటి నిండిపోయింది. ఆముదం పొగ మీరెవరైన పీల్చిన్రో లేదో నాకు తెల్వదు. పీల్చొద్దు. కండ్లల్లో కారం కొట్టినట్టయి, గొంతు మూసుకుపోయి, దిక్కులన్నీ ఒక్కటే అయిపోయినయి. నా చదువు, నా నోరు, ఏదీ నాకు తలుపు చూపలేదు.

బయట మేస్త్రి గొంతు: "గీతలున్నయి తియ్యున్రి! గీతలున్నయి!" ఆ వెంటనే, "అమ్మా, తాడు పట్టుకో! గోడకు రా, తాడు పట్టుకో!"

గోడకు పోయిన. చేతులకు బస్తాలు తగిలినయి. నేను పెట్టించిన బస్తాలే. వాటి వెనుక ఎక్కడనో తాడు. గోర్లతోటి గోనె గీకిన, పేరు పెట్టి పిలిచిన, ఏడిచిన గూడ. కాళ్లు కదలలేదు.

ఆయన ఆ బస్తాల నడుమనుంచే వచ్చిండు. అంటుకున్న వాటిని కుడిచేత్తోటి నెట్టుకుంట, ఎడమచెయ్యి నాకిచ్చి బయటికి గుంజిండు. నేను వీధిలో పడి దగ్గుతుంటే హమాలీలు గీతల బస్తాలన్నీ గానుగాయన దొడ్డికి చేర్చిన్రు. ఒక్కడు ఏది ముందు అని అడగలేదు. తర్వాత పెంక కూలింది. తిండిగింజ సగం పోయింది. ఆముదాలు మూడు రోజులు కాలినయి.

ఆ తెల్లారి నేను ఆయన గుడిసెకు పోయిన. కుడిచేతికి ఆకుపసరు కట్టి ఉన్నది. నన్ను చూడంగనే, "విత్తనం తడవలేదు గదా?" అని అడిగిండు. వానలు మొదలైనంక రైతులు ఆ దొడ్డికే బండ్లు తోలుకొచ్చి, ఆయన దగ్గరున్న కాయిదం చూసుకొని ఎవరిది వాళ్లు తీసుకపోయిన్రు. నా కాయిదం గోదాంలోనే మరిచిపోయిన, అది కాలిపోయింది. ఆ ఏడు ఒక్క చేను గూడ పడావు పడలేదు. గానుగాయన మళ్ల నన్ను ఆ క్షేమసమాచారం అడగలేదు.

మేస్త్రికి కుడిచేతి మూడు వేళ్లు లోపలికి ముడుచుకుపోయినయి. బస్తాను పట్టే కొక్కెం ఇంక ఆ చేతికి పట్టలేదు. ఎడమచేత్తో పని నేర్చుకున్నడు. గోదాం మళ్ల కట్టించినం, ఆయన మళ్ల తాడు కట్టిండు. ఆ ఆముదాల సంగతి ఒక్కనాడు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎంత నోరున్నదాన్ని, "తప్పు నాది మేస్త్రీ" అన్న ఒక్క మాట ఆ నోట్లో నుంచి రాలేదు. ఆ మధ్యాహ్నం తర్వాత ఈ అయిదేండ్లు నేను గోదాం గడప లోపలికి అడుగు పెట్టలేదు. పనులన్నీ తలుపు బయట పీట వేసుకొని చెప్పేదాన్ని. లోపల ఉడుకు అని సాకు చెప్పేదాన్ని. లెక్క ప్రకారం ఎండ బయటనే ఎక్కువ. అయినా మేస్త్రి ఎందుకని అడగలేదు, పీట మీద నీడ పడేటట్టు ఒక గోనెతట్టు కట్టించిండు.

ఇప్పుడు ఆయన లేని మొదటి ఎండకాలం నడుస్తున్నది. తలుపు కాడ నిండా గీతల బస్తాలే. పక్కింట్లో పోపు మాడినా లేచి పెంక దిక్కు చూస్తున్న. ఎవరైన బీడీ ముట్టిస్తే ఎగిరిపడుతున్న. తాళంచెవి కొంగుకు కట్టుకున్న గానీ, కొంగున ఉన్నది తాళంచెవి గాదు, నిప్పుకణిక అనిపిస్తున్నది. మంటొస్తే తాళం తియ్యాల్సింది నేను, లోపలికి పోవాల్సిందీ నేను. పోతనా? ఇదొక్కటే నన్ను నిద్రపోనిస్తలేదు.

నిన్న అమావాస్య. ఎవరూ పిలువకుండనే హమాలీలు వచ్చిన్రు. అల్లుడు రుమాలు విప్పుతున్నడు. నేను పీట మీదినుంచి లేచి, "ముందు నాకు కట్టు బిడ్డా" అన్న. ఒక్కడు నవ్వలేదు. నవ్వితే బాగుండు అనిపించింది.

ఆ చివరికి తీసుకపోయి నిలబెట్టి కండ్లకు కట్టిండు. చీకటి. ఆముదాల వాసన. నాకు గుర్తున్నట్టు గడ్డమెత్తున చెయ్యి పెట్టిన. ఉత్త గోడ. ఇటు జరిగిన, అటు జరిగిన. తాడు లేదు. మళ్ల అదే మధ్యాహ్నం. అరుద్దామని నోరు తెరిచిన. అంతట్ల చెయ్యి సత్తువ లేక కిందికి జారింది. నడుము కాడ, నా చెయ్యి వాలిన చోటనే తగిలింది తాడు.

"ఇంత కిందికి ఎవరు కట్టిన్రురా?" నా గొంతు నాకే కొత్తగ వినబడ్డది.

"మామనే అమ్మా" అన్నడు అల్లుడు, ఎక్కడో తలుపు దిక్కునుంచి. "పోయిన అమాసకు లేవలేని మనిషి వచ్చి దించిండు. ఎందుకు మామా అంటే, అమ్మ నడుము వంగింది సూస్తలేవా అన్నడు. మరి మాకో అంటే, మీరు వంగున్రి, పొగ మీదనే ఉంటది, కింద ఊపిరాడుతదన్నడు."

నడిచిన. తాడు అరచేతిలో గరుకుగ జరుగుతున్నది. ఒక్క ముడి. తిరిగిన. భుజానికి బస్తా ఏదీ తగలలేదు, ఆ దారి ఖాళీగనే ఉన్నది. ఇంకొంచెం పోయినంక ఒక ముడి, దాని పక్కనే ఇంకోటి. వెనుకటి ముడులు రాయిలెక్క ఉండేవి. ఇవి వదులుగ, వంకరగ, ఒక చెయ్యి పట్టుకుంటే ఇంకో చెయ్యి గుంజలేక, పండ్లతోటి బిగించినట్టు పోగులు లేచి ఉన్నయి.

మొహం మీద ఎండ తగిలింది. తలుపు వచ్చిందని తెలిసింది. "రామ్మా, వచ్చినవు" అంటున్నరు. నేను గంత విప్పలేదు. ఆ రెండో ముడిని పిడికిట్లో పట్టుకొని అట్లనే నిలబడ్డ.